చేతులు కనబడని రోజులు

మార్గరెట్ ఇల్లు అమ్మేస్తున్నారని తెలిసి కిందటి నెల న్యూజిలాండ్ దక్షిణ కొసకి వెళ్ళొచ్చాను. ఇన్వర్‌కార్గిల్‌లో విమానం దిగి, కారు అద్దెకు తీసుకుని, గొర్రెలూ ఆవులూ తప్ప మనిషి కనబడని దారిలో గంటకు పైగా నడిపితే వచ్చే ఊరు అది. పేరు రాయను. రాస్తే అక్కడ ఇంకా మిగిలి ఉన్న నలుగురు మంచివాళ్ళు నొచ్చుకుంటారు. నా కోపం వాళ్ళ మీద కాదు. మార్గరెట్ మా పక్క పొలం ఆవిడ. ఆవిడ ఇంటికి వెళ్ళే మలుపులో టెలిఫోన్ ఎక్స్ఛేంజి గది ఉంటుంది. కాంక్రీటు డబ్బాలాంటి చిన్న గది, మా రోజుల్లో బూడిద రంగులో ఉండేది. ఇప్పుడు దాని గోడ నిండా బొమ్మలు వేశారు. పిల్లలు చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు, పైన నీలం ఆకాశం, దాని మీద తెల్లటి అక్షరాలతో ‘మనుషుల్ని కలిపిన చోటు’ అని రాసి ఉంది. కారు ఆపి దిగాను. ఆ గోడ మీద ఉమ్మెయ్యాలనిపించింది. నలభై దాటిన మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని కాబట్టి ఊరుకున్నాను గానీ, కోపం మాత్రం మార్గరెట్ ఇంటిదాకా, తిరిగి ఆక్లండ్ వచ్చేదాకా, ఇప్పుడీ మాటలు రాసేదాకా తగ్గలేదు. ఆ గది ఎవరిని కలిపిందో నాకు తెలియదు. మా అమ్మనీ రాజ్యం పిన్నినీ మాత్రం కలపలేదు.

మా అమ్మ సత్యవతి, పిన్ని రాజ్యలక్ష్మి, ఇద్దరూ పుట్టు చెవిటివాళ్ళు. కాకినాడ జగన్నాథపురంలో పుట్టారు. అమ్మమ్మా తాతయ్యా మేనరికం. పెద్దపిల్ల అలా పుడితే దేవుడి రాత అనుకున్నారు, రెండోపిల్ల కూడా అలాగే పుట్టేసరికి ఇక ఏమీ అనుకోవడం మానేశారు. బడికి పంపలేదు. చెవిటిపిల్లల బడి ఎక్కడో దూరాన ఉందట, ఆడపిల్లల్ని అంత దూరం ఎలా పంపుతామన్నారట. దాంతో వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు మిగిలారు. మంచం కింద, వంటింటి మూల, డాబా మీద కూచుని ఒక భాష తయారు చేసుకున్నారు. చుట్టాలందరూ దాన్ని సైగలనేవాళ్ళు. ఇప్పటికీ ఎవరైనా ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నం కావాలా, నీళ్ళు కావాలా అని అడగడం సైగ. నిన్న జరిగినదీ రేపు జరగబోయేదీ, మనసులో అనుకుని పైకి అనలేనిదీ, పక్కింటావిడ నడక మీద వేళాకోళం, పెద్దవాళ్ళ ముందే పెద్దవాళ్ళని తిట్టగలిగే తిట్లూ, ఇవన్నీ ఉన్నది భాష. అందులో ప్రతి మనిషికీ ఒక పేరుంది. నాన్న పేరు, మెడ దగ్గర పైబొత్తాం పెట్టుకోవడం. ఆయన ఎంత ఎండలోనైనా ఆ బొత్తాం విప్పడు. అమ్మమ్మ పేరు, రెండు మోకాళ్ళూ రుద్దుకోవడం. నా పేరు, చెవితమ్మెని గిల్లడం. చెవులు కుట్టించిన రోజు నేను ఏడ్చిన ఏడుపు ఇద్దరికీ వినబడలేదు గానీ, నా మొహం చూసి జన్మలో మరిచిపోలేదట. తెలుగు కంటే ముందు నాకు వచ్చినది ఆ భాషే. ప్రపంచం మొత్తం మీద దాన్ని పూర్తిగా ఎరిగినవాళ్ళం ముగ్గురమే. నాన్నకి కూడా సగమే వచ్చు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాన్నకి న్యూజిలాండ్‌లో పాలపొడి ఫ్యాక్టరీ లేబరేటరీలో ఉద్యోగం దొరికింది. ఫ్యాక్టరీ ఇచ్చిన ఇల్లు చెక్క ఇల్లు, నడిస్తే నేలంతా అదిరేది. అది అమ్మకి బాగా నచ్చింది. నేను బడి నుంచి వచ్చి గుమ్మంలో కాలితో ఒకసారి తంతే వంటింట్లో అమ్మ పాదాలకి తెలిసిపోయేది. దూరంగా ఉంటే లైటు ఆర్పి వేసేవాళ్ళం. వంటింట్లో బొగ్గు పొయ్యి, దాని వాసన, నాన్న కోటు నుంచి పొంగి మాడిన పాలలాంటి వాసన, వేడినీళ్ళ సిలిండరు ఉండే అలమరలో తడి సాక్సుల పక్కనే పులుస్తున్న ఇడ్లీపిండి వాసన, అన్నీ కలిసి ఆ ఇంటికి ఒక వాసన. అక్కడ చలికి పిండి ఇంకెక్కడా పులిసేది కాదు. అమ్మ చేతులు పనిలో ఉంటే మాట ఆగేది. చపాతీ వత్తుతూ మధ్యలో ఏదో గుర్తొస్తే కర్ర పక్కన పెట్టి, పిండి చేతులతోనే చెప్పేసేది. పెనం మీద చపాతీ మాడేది, మా మొహాల మీద పిండి రాలేది. నాన్న భోజనం దగ్గర మాట్లాడకూడదని పెరిగిన మనిషి. అమ్మ ఎదురుగా కూచుని కబుర్లు చెబుతూంటే, ఆయన తలెత్తి చూడక తప్పేది కాదు, తలెత్తితే అన్నం చల్లారేది.

కానీ పగలంతా ఆవిడ ఒక్కతే. నేను బడికి, నాన్న డ్యూటీకి. ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా పేరు రాసుకునేంతే వచ్చు. ఈ దేశంలో చెవిటివాళ్ళకి వేరే చేతిభాష ఉంది, అది నేర్పడానికి పట్నం నుంచి ఒకావిడ రెండు మూడుసార్లు వచ్చింది, అంత దూరం ఇక రాలేనని మానేసింది. పిన్నితో మాట్లాడాలంటే వీడియో క్యాసెట్టు ఒక్కటే దారి. పిన్ని జాకెట్లు కుడుతుంది, ఆ వీధిలో పెళ్ళిళ్ళ వీడియో తీసే ఆయన భార్యకి కుట్టిపెట్టి, బదులుగా తనని తీయించుకునేది. ఎవరైనా ఇటు వస్తూంటే క్యాసెట్టు పంపేది. అమ్మ టీవీ ముందు కింద కూచుని చూసేది. చూడ్డం కాదు, జవాబు చెప్పేది. పిన్ని ఏదో అడిగి ఆగుతుంది, ఆ ఆగినచోట అమ్మ చేతులు లేస్తాయి. టీవీకి చెప్పి, అది ఇంకో మాటలోకి వెళ్ళిపోతూంటే చేతులు ఒళ్ళో పెట్టుకునేది.

తరవాత కాకినాడలో ఇంటర్నెట్ వచ్చింది. ఈ మాట ఇక్కడివాళ్ళకి చెబితే తప్పు విన్నామనుకుంటారు. కాకినాడలో వీధికొక నెట్ సెంటరు, అట్టలు అడ్డం పెట్టిన గూళ్ళు, ప్రతి కంప్యూటరు మీదా గుండ్రటి కెమెరా. పిన్ని ఇంటి సందు చివర సెంటరు నడిపే అమ్మాయి పిన్ని దగ్గర కుట్టించుకునేది. తనే నాకు ఈమెయిల్ రాసింది, ఆంటీ ఇక్కడ కూచుంటారు, మీరు అక్కడ ఆన్ చేయండి అని. మాకు నవ్వొచ్చింది, ఇంత సులువా అని. ఇంత గొప్ప దేశంలో ఉన్నాం, మా వైపు ఏం అడ్డం అనుకున్నాం.

మా వైపు ఫోన్ తీగ మీద నడిచే డయలప్. కీచుమని, గరగరమని, ఊపిరాడని మనిషిలా మూలిగి కలిసేది, కలిశాక ఇంట్లో ఫోన్ పని చేసేది కాదు. మాట వినేవాళ్ళకి అది కూడా చాలు. బొమ్మ ఆగిపోయినా గొంతు ముక్కలుముక్కలుగానైనా వస్తుంది, అమ్మా బాగున్నావా అంటే బాగున్నానమ్మా అని వినబడుతుంది. మా వాళ్ళకి గొంతే లేదు. మొహం ఒకసారి వచ్చేది, చేతులున్నచోట పొగలాంటి మరక. మరో బొమ్మ వచ్చేలోపు పిన్ని మూడు మాటలు చెప్పేసి ఉండేది. అమ్మ తెరకి ముక్కు ఆనించి చూసి, నా వైపు తిరిగి, “దీనికి చేతులు లేవు” అంది.

ఫోన్ కంపెనీకి నేనే చేశాను. అప్పుడు నేను హైస్కూలు చివర్లో ఉన్నాను, ఇంట్లో ఇంగ్లీషు పనులన్నీ నావే. మా ఎక్స్ఛేంజిలో బ్రాడ్‌బాండ్ పరికరం పెట్టలేదన్నారు. ఎందుకు పెట్టలేదంటే అక్కడున్న ఇళ్ళకి గిట్టుబాటు కాదన్నారు. ఆ మాట ఆ ఏడాదంతా ఎన్ని గొంతుల్లో విన్నానో. అందరివీ తీయని గొంతులే. ఒకసారి ఒకావిడ, వికలాంగులున్న ఇళ్ళకి ప్రత్యేకంగా చూసే విభాగం ఉందని ఆశ పెట్టి అటు కలిపింది. అక్కడి మనిషి అంతా విని, ఈ అభ్యర్థన మీ అమ్మగారి పేరు మీద నమోదు చేయాలి, ఆవిడ నోటితో ఒప్పుకోవాలి అన్నాడు.

“ఆవిడని ఒకసారి ఫోన్ దగ్గరికి పిలవండి.”

“ఆవిడకి వినబడదు. మాట్లాడలేదు. అందుకే నేను చేస్తున్నాను.”

“అర్థమైంది. కానీ ఆవిడే అవును అని చెప్పాలి. లేకపోతే నేను ముందుకు వెళ్ళలేను.”

అతను వెక్కిరించడం లేదు, అదే నాకు ఇప్పటికీ భరించరానిది. నిజంగానే నెమ్మదిగా, మర్యాదగా, అర్థమైంది అన్నాడు. అమ్మ పక్కనే నిలబడి నా మొహం చూస్తోంది. ఏమంటున్నాడని అడిగింది. నిన్ను మాట్లాడమంటున్నాడని చెప్పాను. అమ్మ రిసీవరు తీసుకుని, దాన్ని తిప్పి చూసి, నాకు తిరిగిచ్చేసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

నాన్నకి నా కోపమంటే భయం. ఆయన నెమ్మదస్తుడు. మా రెసిడెన్సీ అప్లికేషన్ నడుస్తోంది, పాస్‌పోర్టులు ఇమిగ్రేషన్ ఆఫీసులో ఉన్నాయి, ఈ లోపల మన పేరు ఎక్కడా గొడవల్లో వినబడకూడదని ఆయన లెక్క. “మనం వచ్చినవాళ్ళం సుజీ. ఇక్కడ సెటిల్ అవ్వాలి. నిదానంగా వాళ్ళే ఇస్తారు” అనేవాడు. ఫోన్ కంపెనీకీ వీసాకీ ఏం సంబంధమని అరిచేదాన్ని. ఆయన బొత్తాం సవరించుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. అయితే ఊరికే కూచోలేదు. ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ ఇస్తారని ఎక్కడో చూసి, మా ఇంటి కప్పు మీద పళ్ళెం పెట్టించాడు. అది మా ఇంట్లో జరిగిన అన్నింటిలోకీ ఘోరం. ఆ పద్ధతిలో ఆకాశం నుంచి మనకి వేగంగా వస్తుంది, మన నుంచి వెళ్ళేది మాత్రం పాత ఫోన్ తీగలోంచే. కాగితం మీద ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉందేమో, అమ్మినవాడు మాత్రం చెప్పలేదు. మొదటిరోజు పిన్ని బొమ్మ వచ్చింది. అద్దంలా వచ్చింది. ముక్కుపుడక మెరుపు కూడా కనబడింది. అమ్మ రెండు చేతులూ ఎత్తి గబగబా చెప్పేస్తోంది. పిన్నికి మాత్రం అమ్మ కనబడటం లేదు. పిన్ని కెమెరాలోకి తొంగి చూస్తూ, “అక్కా, ఉన్నావా? ఉన్నావా?” అని అడుగుతోంది. అమ్మ, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అంటోంది. ఉన్నావా అని మళ్ళీ అడుగుతోంది. చివరికి పిన్ని సెంటరు అమ్మాయి వైపు తిరిగి చేతులు దులుపుకుని, లేచి వెళ్ళిపోయింది. ఖాళీ కుర్చీ కూడా స్పష్టంగా కనబడింది.

ఆ చలికాలంలోనే పిన్ని చేతులకి జబ్బు మొదలైంది. కత్తెర పట్టు దొరకడం లేదని మొదట అనుకుందట. తరవాత బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. కాకినాడలో చూపించి, విశాఖపట్నం తీసుకెళ్ళి చూపిస్తే, కండరాలు కరిగిపోయే జబ్బు, చేతుల్లో మొదలైంది, మెల్లగా అంతటికీ పాకుతుంది, మందు లేదన్నారు. సెంటరు అమ్మాయి రాసిన ఈమెయిల్ నేను చదివి అమ్మకి చెప్పాలి. మిగిలినవాళ్ళకి అది చేతుల జబ్బు. అమ్మకి మాత్రం చెల్లెలికి గొంతు పోతోందన్నమాట. చెప్పాను. అమ్మ తన చేతులు చూసుకుంది. ఎన్నాళ్ళు మాట్లాడగలదని అడిగింది. తెలియదన్నాను. ఇండియా వెళ్ళిపోతానంది. పాస్‌పోర్టులు వెనక్కి అడిగితే ఫైలు మళ్ళీ మొదటికొస్తుందేమోనని నాన్న తల పట్టుకున్నాడు. ఇవాళా రేపా అన్నట్టుంది, కొంచెం ఆగమన్నాడు. అమ్మ ఆగింది. ఆవిడ జీవితమంతా ఎవరో ఒకరు ఆగమంటూనే ఉన్నారు.

ఈ సంగతి మార్గరెట్‌కి చెప్పినది నేనే. భర్త పోయాక ఒంటి చేత్తో పొలం నడిపే మనిషి, మాటలో మెత్తదనం లేదు, వారానికొకసారి మా గుమ్మంలో గుడ్లు పెట్టి వెళ్ళిపోయేది. అమ్మ ఆవిడకి పొలంలో వేసుకునే రబ్బరు గమ్‌బూటు లాగుతున్నట్టు పేరు పెట్టింది. మార్గరెట్ కూతురు ఎస్టోనియా అని యూరప్‌లో ఒక చిన్న దేశంలో ఇంగ్లీషు చెబుతూ ఉండేది. అక్కడ పల్లెటూరి లైబ్రరీలో కూచుని తల్లికి ఫోటోలు పంపేది, ఒక్కొక్క ఫోటో ఇక్కడ దిగడానికి మార్గరెట్ టీ పెట్టుకుని తాగి రావచ్చు. ఆవిడ పట్టుబట్టి ఊరివాళ్ళతో సంతకాలు పెట్టించి, కంపెనీ మనిషిని ఊరి హాలుకి రప్పించింది. సూటు మీద కొత్త వాన కోటు వేసుకుని వచ్చాడు. తెర మీద రంగు రంగుల పటాలు చూపించాడు. దేశం ఎంత ముందుకు పోతోందో చెప్పాడు. పటంలో మా ఊరున్న చోట తెల్లగా ఉంది.

మార్గరెట్ లేచి, నిన్న మొన్నటిదాకా రష్యా కింద నలిగిన ఆ చిన్న దేశంలో ప్రతి బడికీ నెట్ వేయగలిగారు, మీకేమొచ్చిందని అడిగింది. అక్కడి పరిస్థితులు వేరు, జనసాంద్రత వేరు అన్నాడు. అప్పుడు అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లేచింది. హాలులో అందరూ తిరిగి చూశారు. నాన్న నేలని చూస్తున్నాడు. అమ్మ ఒక్క మాట అడిగింది, నేను అనువదించాను.

“ఎప్పుడు?”

అతను నవ్వుతూ, అమ్మ వైపు కాదు, నా వైపు చూస్తూ జవాబు మొదలుపెట్టాడు. పెట్టుబడులు, ప్రాధాన్యాలు, దశలు, ప్రభుత్వంతో చర్చలు. చాలాసేపు చెప్పాడు. ఆవిడకి చెప్పమ్మా, అన్నీ అర్థమయ్యేలా చెప్పు అని కూడా అన్నాడు. అమ్మ నా చేతుల కోసం చూస్తోంది. “చెప్పలేదు” అన్నాను. అంత ప్రసంగానికి నా చెయ్యి ఒక్కసారి మాత్రమే కదలడం చూసి ముందు వరసలో ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. లాప్‌టాప్ మూసేసి, సాయంత్రం విమానానికి టైమైందని వెళ్ళిపోయాడు.

మిగిలింది ఇన్వర్‌కార్గిల్. అక్కడ బ్రాడ్‌బాండ్ ఉంది. కానీ మన దేశంలో సెంటరు తెరిచే వేళకి ఇక్కడి నెట్ దుకాణం మూసే వేళ, లైబ్రరీలో కెమెరాలు పెట్టనివ్వరు. పాలిటెక్నిక్‌లో చదువుకునే తెలుగు కుర్రాళ్ళు కొందరు ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు, అందులో కిశోర్ అన్నయ్య నెల్లూరు వైపు మనిషి, ఉగాదికి ఒకసారి కలిశాం. సంగతి వినగానే, “ఆంటీని తీసుకురా. మేం బయట కూచుంటాం, ఎంతసేపైనా మాట్లాడుకోమను” అన్నాడు. నాన్న డ్యూటీలో ఉంటే మార్గరెట్ తన ట్రక్కులో మమ్మల్ని తీసుకెళ్ళింది. సీటు మీద గొర్రెల మందు వాసన, ఒక కుక్క అమ్మ ఒళ్ళో. దారంతా అమ్మ చేతులు చీర కొంగులో చుట్టుకుని వెచ్చగా ఉంచుకుంది, వేళ్ళు బిగుసుకుపోకూడదని.

ఆ ఫ్లాట్‌లో ఆ సాయంత్రం నేను చూసినది ఎలా రాయాలో తెలియడం లేదు. తెర వెలిగింది, పిన్ని వచ్చింది, చేతులు వచ్చాయి. ఇటు నుంచి వెళ్ళాయి.  అమ్మ అడిగిన మొదటి మాట, అన్నం తిన్నావా అని. పిన్ని, నువ్వు పట్టుకుపోయిన నా పచ్చచీర తిరిగివ్వు అంది. అది నాదే అంది అమ్మ. సముద్రాలు దాటి వచ్చిన మాట ఆ చీర తగాదా. పిన్ని వేళ్ళు సరిగా వంగడం లేదు, మాటలు నత్తినత్తిగా వస్తున్నాయి. అమ్మకి మాత్రం ఏదీ రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు. అమ్మమ్మ మోకాళ్ళు, సెంటరు అమ్మాయి పెళ్ళి సంబంధం, డాక్టరు మీసాలు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వడం న్యూజిలాండ్ వచ్చాక అదే మొదలు. గుమ్మంలో మార్గరెట్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు పిన్ని మొహం మారింది. నవ్వు పోయి, చెయ్యి లేపి, అరచెయ్యి గుండె వైపు తిప్పింది. అక్కడ ఆగిపోయింది. తెర ఆగిపోయింది. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌ని నెలకింతని కొలిచి పోసేవాళ్ళు. ఆ కొలత దాటితే వేగం కోసేసి డయలప్ స్థాయికి దించేవాళ్ళు. తీగ ఉంది, పరికరం ఉంది, ఇచ్చే స్తోమత ఉంది. కొళాయి కట్టేశారు, అంతే. కుర్రాళ్ళ నెల కోటా అంతా వాళ్ళిద్దరి చేతులకి ఖర్చయిపోయింది. కిశోర్ అన్నయ్య కంపెనీకి ఫోన్ చేసి బతిమాలాడు. మళ్ళీ నెల మొదటి తారీఖుకి వేగం దానంతటదే వస్తుందని చెప్పారట. ఆ నెలంతా ఆ పిల్లలు కాలేజీలో కూచుని చదువుకున్నారు, మాకు ఆ సంగతి చెప్పలేదు.

వాళ్ళ భాషలో అరచెయ్యి గుండెకి లాక్కుంటే ‘రా’ అని. అదే అరచెయ్యి గుండెని రెండుసార్లు తడితే ‘భయంగా ఉంది’ అని. మొదలు రెండింటికీ ఒకటే. పిన్ని ఏమనబోయింది? ట్రక్కులో తిరిగి వస్తూ అమ్మ నన్ను అడిగింది. ఇంటికొచ్చాక అడిగింది. పొద్దున పిండి రుబ్బుతూ ఆపి అడిగింది.

మళ్ళీ నెల వచ్చేసరికి పిన్నిని సెంటరుదాకా తీసుకురావడం కుదరలేదు. ఆ తరవాత కొన్నాళ్ళకి మా పాస్‌పోర్టులు వచ్చాయి. అమ్మా నేనూ వెళ్ళాం. పిన్ని మంచం మీద ఉంది, రెండు చేతులూ దుప్పటి మీద ఎవరో పెట్టినట్టున్నాయి. కళ్ళు మాత్రం అవే. అమ్మ పక్కన కూచుని ఎంతో చెప్పింది, పిన్ని తల కొద్దిగా ఊపేది, కనురెప్పలు వాల్చేది. ఒకరోజు అమ్మ అడిగేసింది. ఆ రోజు నువ్వు అనబోయినది రా అనా, భయంగా ఉందనా అని.  పిన్ని తల అడ్డంగా ఊపింది. గుర్తు లేదా అంటే రెప్పలు వాల్చింది. అమ్మ నవ్వి, ఆవిడ అరచెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుంది. పిన్ని పోయేదాకా మేం అక్కడే ఉన్నాం. అలా ఉండగలిగాం అని చుట్టాలు మమ్మల్ని అదృష్టవంతులన్నారు. మాట పూర్తిగా పోయాక దగ్గరికి చేరడం అదృష్టమట.

మేం తిరిగొచ్చాక ఇంకో చలికాలం గడిచి, మా ఊరికి బ్రాడ్‌బాండ్ వచ్చింది. పోస్టు డబ్బాలో మెరిసే అట్ట వేశారు, గొప్ప వార్త అని. ప్రభుత్వం గట్టిగా అడిగేసరికి గిట్టుబాటు లెక్క మారిపోయింది. రాళ్ళు కరిగించలేదు, కొండలు తవ్వలేదు, ఆ బూడిదరంగు గదిలో ఒక పెట్టె బిగించి వెళ్ళారు. వ్యాను ఆగడం, తాళం తీయడం, మళ్ళీ వేసి వెళ్ళడం మార్గరెట్ ట్రక్కులోంచి నేనే చూశాను. అంత చిన్న పని. చేయలేకపోయారంటే క్షమించేదాన్ని. చేయనక్కర్లేదనుకున్నారు. ఒక ఊళ్ళో ఒక ఇంట్లో ఒక ఆడమనిషి చేతులకి వాళ్ళ లెక్కలో గడి లేదు. నాన్న ఆ అట్ట చూసి, పెట్టిద్దామా అని నెమ్మదిగా అడిగాడు. అమ్మ ఎవరితో మాట్లాడటానికని అడిగింది. నాన్న ఇక ఆ మాట ఎత్తలేదు. పోయేముందు ఆస్పత్రిలో మాత్రం, ఆ రోజు హాలులో నేను కూడా లేచి నిలబడాల్సింది అన్నాడు నాతో.

ఇప్పుడు ఆక్లండ్ హాబ్సన్‌విల్‌లో మా ఇంట్లో ప్రతి గదిలోనూ ఫైబర్ వేగం. నా పిల్లలు ఒక్క క్షణం బొమ్మ ఆగితే ఇంట్లో నెట్ చచ్చిందని అరుస్తారు. తప్పు వాళ్ళది కాదు. చుట్టాలు కాకినాడ నుంచి వీడియో కాల్ చేస్తారు, అమ్మ కనబడగానే చెయ్యి ఊపుతారు, ఆవిడా ఊపుతుంది, తరవాత వాళ్ళు మాతో మాట్లాడుకుంటారు, అమ్మ కాసేపు అందరి పెదవులూ చూసి లేచిపోతుంది. నా పిల్లలకి ఆవిడ భాషలో అన్నం, నీళ్ళు, నిద్ర, ఇంకో పది మాటలు వచ్చు. అంటే సైగలు వచ్చు. ఎక్కడో ఒక సమావేశంలో ఎవరో ఒక పెద్దమనిషి మేం దేశాన్నంతా కలిపామని ఇప్పటికీ అంటూ ఉంటాడు, జనం చప్పట్లు కొడుతూ ఉంటారు.

ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఫైబర్ బిగించడానికి ఒక నడివయసు ఫీజీ మనిషి వచ్చాడు. కాంట్రాక్టు పని, రోజుకి చాలా ఇళ్ళు తిరగాలి, అయినా బూట్లు విప్పి లోపలికొచ్చాడు. పెట్టె బిగించి, పచ్చ దీపం వెలిగాక, ఇక మీరు ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చని సంతోషంగా చెప్పాడు. అమ్మ ఆ దీపాన్ని చూసింది. నన్ను పక్కకి జరిపి అతని ఎదురుగా నిలబడింది. తన భాషలో, మొహమంతా ఎర్రబడి, ఊపిరి ఆగకుండా చెప్పింది. బయటివాళ్ళ ముందు అమ్మ అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. అతను స్క్రూడ్రైవరు పట్టుకుని కదలకుండా నిలబడి, అంతా అయ్యాక, ఏమన్నారని నన్ను అడిగాడు.

ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. నా చెల్లెలికి చేతులున్నప్పుడు మీరు రాలేదని. అడిగాం, ఎప్పుడని అడిగాం, చెప్పలేదని. మాట మధ్యలో కోసేశారని. ఇప్పుడు ఎవరితో మాట్లాడమంటావని.

అతను తల దించుకుని, “నన్ను క్షమించండమ్మా” అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అన్నవాడు అతనొక్కడే. అమ్మ నా మోచెయ్యి తట్టి, ఏమన్నాడని అడిగింది. చెప్పాను.  కోపం పోయి అమ్మ మొహంలో అలసట మిగిలింది. అతని భుజం మీద చెయ్యి వేసి తల అడ్డంగా ఊపింది.

“చెప్పాల్సింది ఇతను కాదు” అంది నాతో.